టార్చి పట్టిన చేతికి పానా దొరికింది

"ఏవిటీ? జీపు బాగుచేయిస్తావా? నువ్వా?"

ఈ మాట మొదట అన్నది మా తమ్ముడు. రెండోసారి అన్నది మావారు. మూడోసారి నన్ను నేనే అడిగాను, అద్దం ముందు నిలబడి. యాభయ్యేళ్లొచ్చాయి. మోకాళ్ల నొప్పులు. పొద్దున్న బడి, సాయంత్రం పేపర్లు దిద్దుకోవడం, మధ్యలో వంటిల్లు. ఇలాంటి లెక్కల టీచరుకి తుప్పు పట్టిన మిలటరీ జీపుతో ఏం పని?

పని ఉంది. ఎందుకుందో చెప్పాలంటే ముప్ఫై అయిదేళ్లు వెనక్కెళ్లాలి.

అమ్మ గొలుసు, నాన్న జీపు

నాన్న మిలటరీలో ఈఎమ్ఈలో పనిచేశారు. సైన్యంలో బళ్లూ, ఫిరంగులూ, రేడియోలూ పాడైతే బాగుచేసే విభాగం అది. వాళ్లకి సికింద్రాబాదులో పెద్ద శిక్షణ కేంద్రం ఉంది. నాన్న అక్కడే పని నేర్చుకుని, దేశమంతా తిరిగి, 1983లో రిటైరై బందరు దగ్గర మా ఊరొచ్చేశారు. వచ్చాక మూడేళ్లు పొలం చూసుకున్నారు గానీ మనసు మాత్రం ఇంజన్ల మీదే ఉండేది. 1986లో మిలటరీవాళ్లు పాత బళ్లు వేలం వేస్తున్నారని తెలిసి వెళ్లి, ఓ జీపు పాడుకొచ్చారు. 1968 మోడలు. పద్దెనిమిది వేలు.

ఆ డబ్బు ఎక్కడిదనుకున్నారు? అమ్మ నాలుగుపేటల గొలుసు. తాకట్టు పెట్టారు, విడిపిస్తానన్నారు. విడిపించలేకపోయారు.

అమ్మ దెబ్బలాడలేదు. ఏడవనూ లేదు. ఆ జీపు ఎక్కనని మాత్రం భీష్మించుకుంది. పెళ్లిళ్లకీ, పేరంటాలకీ నాన్న జీపులో వెళ్తే, అమ్మ వెనకాల బస్సులో వచ్చేది. ఊళ్లో నవ్వుకునేవాళ్లు. ఎవరైనా అడిగితే, "నా గొలుసు అక్కడ తుప్పు పట్టి కూచుంది, దాన్ని నేను తొక్కనా?" అనేది.

నా సంగతి వేరు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. రాత్రి భోజనాలయ్యాక నాన్న జీపు కింద దూరేవారు. "అమ్మాయ్, టార్చి పట్టుకో" అనేవారు. అలా పట్టుకుని పట్టుకునే ఏ పానా ఏదో, కార్బొరేటరెక్కడో, గేరుబాక్సెక్కడో అన్నీ తెలిసిపోయాయి. పదో తరగతి పాసయ్యాక పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేరతానన్నాను. నాన్న నవ్వేశారు. "ఆడపిల్లకి మెకానికలెందుకురా? చేతులు నల్లగా చేసుకుంటావా?" అన్నారు. డ్రైవింగు కూడా తమ్ముడికే నేర్పారు. నాకు టార్చి మిగిలింది.

కోపం లేదా అంటే, ఉంది. చాలా ఏళ్లు ఉంది.

అసలీ జీపు కథేమిటి?

మనం 'జీపు' అని తేలిగ్గా అనేస్తాం గానీ, దాని పుట్టుక చిత్రంగా ఉంటుంది. 1940లో అమెరికా సైన్యానికి చిన్నదీ, తేలికదీ, నాలుగు చక్రాలూ తిరిగే బండి కావాల్సొచ్చింది. నూట ముప్ఫై అయిదు కంపెనీలకి కబురు పంపితే ముందుకొచ్చినవి ఒకటీ రెండే. బాంటమ్ అనే చిన్న కంపెనీ నలభై తొమ్మిది రోజుల్లో మొదటి బండి తయారుచేసి అప్పగించింది. కానీ పెద్ద ఆర్డర్లు విల్లీస్, ఫోర్డు కంపెనీలకి వెళ్లాయి. 1941 నుంచి 1945 దాకా ఆ రెండూ కలిసి ఆరు లక్షల పైచిలుకు జీపులు చేశాయి. ఫోర్డువాళ్లు తమ బండి బోల్టుల మీద కూడా 'ఎఫ్' అక్షరం కొట్టారు. ఇవాళ పాత జీపులు సేకరించేవాళ్లు భూతద్దం పెట్టి ఆ అక్షరం కోసమే వెతుకుతారు.

మన దేశంలో మహీంద్రావాళ్లు విల్లీస్‌తో ఒప్పందం చేసుకుని బొంబాయిలో జీపులు తయారుచేశారు. వాటిలో సీజే-3బీ అనే ఎత్తు బోనెట్టు జీపు మన సైన్యానికి ఎంతో కాలం సేవ చేసింది. ఇంజను కొంచెం పొడుగు కాబట్టి బోనెట్టు పైకి లేపాల్సొచ్చింది. అందుకే దాని మొహం కాస్త గంభీరంగా ఉంటుంది. మాదీ అదే.

1965 యుద్ధంలో పరమవీరచక్ర అబ్దుల్ హమీద్ గారు పాకిస్తాన్ ట్యాంకుల్ని ఎదిరించింది జీపు మీద బిగించిన ఫిరంగితోనే. పంజాబులో అసల్ ఉత్తర్ దగ్గర, సెప్టెంబరు 10న ఆయన వీరమరణం పొందారు. జీపంటే సినిమాల్లో పోలీసులూ, జమీందార్లూ తిరిగే బండి మాత్రమే కాదన్నమాట.

జబల్‌పూర్ ఫ్యాక్టరీలో జపాన్ నిస్సాన్ నమూనాతో 'జోంగా' తయారైంది, జర్మనీ నమూనాతో 'శక్తిమాన్' లారీ తయారైంది. ఆ రెండూ 1990లతోనే ఆగిపోయాయి. ఇప్పుడవి దొరికితే మహాభాగ్యమని కొనుక్కుని బాగుచేయించుకునేవాళ్లున్నారు. క్రికెటర్ ధోనీ దగ్గర కూడా ఓ జోంగా ఉంది. ఇక ఫ్రాన్సులోని నార్మండీలో ఏటా జూన్ 6 వచ్చిందంటే, రెండో ప్రపంచయుద్ధం నాటి జీపులు ముస్తాబై రోడ్ల మీదకి బారులు తీరతాయి.

ఇది మగవాళ్ల సరదా అనుకుంటాం కదూ? బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ 1945లో, యువరాణిగా ఉన్నప్పుడు, పద్దెనిమిదేళ్ల వయసులో సైన్యంలోని మహిళా విభాగంలో చేరి లారీ నడపడమూ, దాన్ని రిపేరు చేయడమూ నేర్చుకున్నారు. యువరాణికి నల్లబడని చేతులు నాకే నల్లబడతాయా?

కోళ్లగూడైపోయిన బండి

నాన్న 2018లో పోయారు. అప్పటికే పదేళ్లుగా జీపు పశువుల కొట్టంలో పడుంది. సీట్లు ఎలుకలు కొరికేశాయి. వెనక భాగంలో కోళ్లు గుడ్లు పెట్టేవి. టైర్లు నేలలోకి దిగబడిపోయాయి.

2021 సంక్రాంతికి వెళ్లినప్పుడు తమ్ముడు ఓ మాట చెప్పాడు. "అక్కా, ఒకాయన లక్షా ఇరవై వేలిస్తానంటున్నాడు. విడిభాగాలు ఊడదీసి అమ్ముకుంటాడట. ఇచ్చేద్దామా?"

ఇచ్చేద్దామనే నోరు తెరిచాను. అంతలో అమ్మ వంటింట్లోంచి, "అమ్మేయండి. పీడా పోతుంది" అంది. ఆ గొంతులో ఏదో తేడా. వెళ్లి చూద్దును గదా, పొయ్యి దగ్గర కూచుని కళ్లు తుడుచుకుంటోంది.

"మే నెల తుపాను గుర్తుందా?" అంది.

ఎందుకు గుర్తుండదు? 1990 మే 9. ఆ రాత్రి మా ఊరు చుట్టూ నీళ్లు. పక్కవీధి కోడలికి పురిటినొప్పులు. ఎడ్లబండి కదలదు, బస్సు ఊసే లేదు. నాన్న జీపు తీశారు. గేరుకర్ర పక్కన రెండు చిన్న కర్రలుంటాయి. ఒకటి లాగితే ముందు చక్రాలు కూడా తిరుగుతాయి, రెండోది లాగితే బండి నెమ్మదిగా, ఏనుగులా లాగుతుంది. అలా మోకాలి లోతు నీళ్లలో ఆ పిల్లని బందరు ఆస్పత్రికి చేర్చారు. తల్లీ బిడ్డా క్షేమం.

"ఆ రాత్రి మీ నాన్న తిరిగొచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డాను. నా గొలుసు పోతే పోయిందిలే అనుకున్నాను. ఆయనకి మాత్రం చెప్పలేదు. ఇప్పుడెవరికి చెప్పను?" అంది అమ్మ.

అంతే. తమ్ముడి వాటా అరవై వేలూ నేనిస్తానన్నాను. చీటీ పాడి ఇచ్చాను. మావారు, "నీ డబ్బు, నీ తుప్పు" అని ఊరుకున్నారు.

టీచరమ్మ లెక్క తప్పలేదు

లారీ మీద జీపుని విజయవాడ ఆటోనగర్‌కి చేర్చాం. అక్కడ ఓ పెద్దాయన, జీపుల మీద నలభై ఏళ్ల అనుభవం. నేను మేస్త్రిగారనేదాన్ని, ఆయన నన్ను టీచరమ్మా అనేవాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఈ పెట్రోలు ఇంజను తీసి పారేసి డీజిలుది పెట్టేద్దాం టీచరమ్మా. ఖర్చు సగమవుద్ది, మైలేజీ వస్తది" అన్నాడు.

చాలామంది అదే చేస్తారు. మన దేశంలో పాత జీపుల్లో అసలు ఇంజనున్నవి తక్కువ కావడానికి కారణం అదే. నేను ఒప్పుకోలేదు. "నాన్న చెయ్యి పడిన ఇంజను. అది తిరిగితే తిరుగుతుంది, లేకపోతే ఊరుకుంటాను" అన్నాను. ఆయన తల గోక్కుని, "సరే, మీరే దగ్గరుండి చూసుకోండి మరి" అన్నాడు.

ఆదివారాలు నా పని అదే. పాత చుడీదారు, జుట్టుకి గుడ్డ, చేతికి పానా.

ఇంజను బిగుసుకుపోయింది. ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రాల్లోంచి డీజిలూ, పల్చటి నూనే కలిపి పోసి వారం నానబెట్టాం. కదల్లేదు. మళ్లీ పోశాం. మూడో ఆదివారం ముందు పుల్లీ పట్టుకుని అటూ ఇటూ ఊపితే వేలెడంత కదిలింది. నేను గట్టిగా అరిచేశాను. పక్క షాపులవాళ్లు ఎవరికో దెబ్బ తగిలిందని పరిగెత్తుకొచ్చారు!

ఇంకో చిక్కు. మా ఇంట్లో ఉన్న కొత్త పానాలేవీ పట్టడం లేదు. ఈ జీపు బోల్టులన్నీ అంగుళాల లెక్క. అంగుళంలో పదహారింట తొమ్మిది వంతుల బోల్టు అంటే 14.29 మిల్లీమీటర్లు. పద్నాలుగు పానా దూరదు. పదిహేను పానా వదులై, బోల్టు మూలలు అరగదీసేస్తుంది. అది తెలీక ఎన్ని బోల్టులు పాడుచేశానో! చివరికి నాన్న ట్రంకు పెట్టె తెరిస్తే అడుగున నూనె గుడ్డలో చుట్టి ఉన్నాయి అంగుళాల పానాలు, వరసగా. ఆ సోమవారం ఎనిమిదో తరగతి పిల్లలకి భిన్నాలు ఆ పానాలు చూపించే చెప్పాను. ఒక్కడికీ తప్పు పోలేదు.

మోసపోవడమూ అయింది. వేరే ఊరి నుంచి 'ఒరిజినల్' అని ఓ కార్బొరేటరు తెప్పించుకున్నాను. డబ్బు ముందే పంపాను. వచ్చింది మన బండిది కానే కాదు. ఏడు వేలు నీళ్లపాలు. పాతదాన్నే కడిగి, కొత్త గ్యాస్కెట్లు వేస్తే చక్కగా పనిచేసింది. అప్పట్నుంచీ ఫోటో, కొలతలు చూడందే పైసా పంపడం లేదు.

రంగు కింద రంగు

నాన్న జీపు కొన్న కొత్తలోనే ముదురు నీలం రంగు వేయించారు. రేకు మీద ఆ నీలం గీకుతుంటే కింద ఆకుపచ్చ బయటపడింది. ముందు బంపరు మీద ఇంకా నెమ్మదిగా గీకితే తెల్లటి బాణం గుర్తు, పక్కన '68' అంకె. మిలటరీ బళ్ల నంబరు అలాగే మొదలవుతుంది. పైకి చూసే బాణం, తర్వాత బండి సైన్యంలోకి వచ్చిన సంవత్సరం. ఆ బాణం మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోనులో, "అమ్మా, మిలటరీ గ్రీన్ వేయించేయ్, అదిరిపోతుంది" అంది. నాకూ అదే ఆశ. కానీ కుదరదని తెలిసింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం రక్షణశాఖ బళ్లకి తప్ప ఇంకెవరి బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. నిరుత్సాహపడ్డాను. అమ్మని అడిగితే, "మీ నాన్న నీలమేయించినప్పుడు నేనూ ఇదే అడిగాను. 'యూనిఫాం విప్పేశాక మళ్లీ వేషమెందుకు?' అన్నారు" అంది.

నీలమే వేయించాం. పనిముట్ల పెట్టె మూత లోపలివైపు మాత్రం అరచేయంత పాత పచ్చరంగు అలాగే వదిలేశాను. అది నాకూ, జీపుకీ మధ్య రహస్యం.

ఒకటి, మూడు, నాలుగు, రెండు

సిలిండర్లు బోరింగు చేయించి, కొత్త పిస్టన్లు వేసి, బ్రేకులు మార్చి, వైర్లన్నీ కొత్తవి లాగేసరికి రెండేళ్లు పట్టింది. 2023 ఫిబ్రవరిలో ఓ ఆదివారం మొదటిసారి స్టార్టు చేశాం. ఇంజను తిరిగింది గానీ అందుకోలేదు. 'ఠప్' మని కార్బొరేటరులోంచి మంట ఉమ్మింది. మళ్లీ చేస్తే మళ్లీ ఠప్. మేస్త్రిగారు టైమింగు చూస్తున్నాడు, పెట్రోలు చూస్తున్నాడు. పక్కన మా తమ్ముడు వాచీ చూసుకుంటున్నాడు.

నాకెందుకో నాన్న గొంతు వినబడింది. టార్చి వెలుగులో ప్లగ్గు వైర్లు తగిలిస్తూ ఆయన ఎప్పుడూ ఓ పాటలా అనేవారు, "ఒకటి, మూడు, నాలుగు, రెండు". ఈ ఇంజను మండే వరస అది. మొదటి సిలిండరు తర్వాత మూడోది, ఆపైన నాలుగోది, చివర రెండోది. డిస్ట్రిబ్యూటరు మూత దగ్గరికెళ్లి వైర్లు వేలితో తడుముకుంటూ వెళ్లాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు! షాపులో కొత్తగా చేరిన కుర్రాడు పొద్దున్న మూత తుడిచి, బడిలో ఎక్కాల్లా వరసగా తగిలించేశాడు.

నేనే మార్చాను. మేస్త్రిగారు ఏమీ అనలేదు, తాళంచెవి నా చేతికిచ్చాడు అంతే. ఈసారి సెల్ఫు రెండు తిప్పులు తిప్పిందో లేదో ఇంజను అందుకుంది. కాసేపు దగ్గింది, పొగ వదిలింది, తర్వాత నిలకడగా కొట్టుకోవడం మొదలెట్టింది. మేస్త్రిగారు ఆ కుర్రాడి నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి, "టీచరమ్మ దగ్గర ట్యూషన్‌కి పోరా" అన్నాడు. అందరం నవ్వాం. నేను నవ్వుతూనే ఏడ్చాను.

ఆ మర్నాడే తమ్ముడు నాలుగు కొత్త టైర్లు పంపించాడు. అరవై వేల సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అమ్మ ఎక్కింది

మొత్తం ఖర్చు నాలుగు లక్షల ఎనభై వేలు. రెండేళ్లలో చీరలు కొనలేదు, ఊళ్లు తిరగలేదు. ఎవరైనా "ఆ డబ్బుతో చిన్న కారొచ్చేది కదా" అంటే కాదనను. కారొచ్చేదే. కారే వచ్చేది.

మళ్లీ లారీ మీదే జీపుని ఊరికి తీసుకెళ్లాం. కాగితాల పని ఇంకా నడుస్తోంది కాబట్టి రోడ్డెక్కించకుండా మా పొలంలో బాట మీదే తిప్పుదామనుకున్నాం. నేను డ్రైవరు సీట్లో కూచున్నాను. అమ్మకి ఎనభై దాటాయి. గుమ్మంలో నిలబడి చూస్తోంది. రమ్మని ఎవరూ పిలవలేదు. పిలిస్తే రాదని మాకు తెలుసు.

తనే వచ్చింది. చెయ్యి బోనెట్టు మీద వేసి, "వేడిగా ఉందే" అంది. తర్వాత తమ్ముడి భుజం పట్టుకుని, నెమ్మదిగా ఎక్కి, నా పక్కన కూచుంది. కొంగు బొడ్లో దోపుకుంది. ముప్ఫై ఏడేళ్ల తర్వాత.

బాట చివర రేగుచెట్టు దాకా వెళ్లి తిరిగొచ్చాం. అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. దిగేముందు మాత్రం అంది, "మీ నాన్న నీకు నేర్పి ఉండాల్సింది."

నేర్పారనే అనుకుంటున్నాను. ఆయనకి తెలీకుండా నేర్పారు.

మీకూ ఇలాంటి సరదా ఉంటే

* ముందు కాగితాలు చూడండి. మిలటరీ వేలంలో కొన్న బండికి రక్షణశాఖ అధికారి ఇచ్చిన సేల్ సర్టిఫికెట్ ఉండాలి. బండి మీదున్న ఇంజను, ఛాసిస్ నంబర్లు కాగితాల్లోవాటితో సరిపోవాలి. పెద్దవాళ్ల పేరనున్న బండైతే వారసులందరి అంగీకారం తీసుకోండి.
* యాభయ్యేళ్లు దాటి, అసలు రూపం మారని బళ్లకి 'వింటేజ్' రిజిస్ట్రేషను చేసుకునే వీలు 2021 నుంచి వచ్చింది. మొదటి ఫీజు ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ రోజూ తిరగడానికీ, కిరాయికీ పనికిరాదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు పోయించడానికీ, రిపేర్లకీ మాత్రమే.
* ఏది ఊడదీసినా ముందు ఫోటో తీయండి. బోల్టులు విడివిడిగా కవర్లలో వేసి చీటీ అంటించండి. పోపులపెట్టె సర్దే మనకి ఇదేం కొత్త కాదు.
* పాత బ్రేకు, క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము నోటితోగానీ, గాలి గొట్టంతోగానీ ఊదకండి. తడిపి తుడవండి. పాత పెయింటులో సీసం ఉండొచ్చు. గీకేటప్పుడు ముక్కుకి సరైన మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.
* బండి కదలాలని ఆత్రపడకండి. ముందు అది ఆగాలి. బ్రేకులు బాగయ్యాకే ఇంజను జోలికి వెళ్లండి.
* మీ ఇంట్లో టార్చి పట్టుకునే అమ్మాయి ఉంటే, ఒకసారి పానా కూడా దాని చేతికివ్వండి.